విస్కాన్సిన్ పిల్లాడి మీద ఉన్న జాలి మన ఊరి నిందితుడి మీద ఎందుకు లేదు? తెలుగు క్రైమ్ వీడియోలు చేసేవారికీ, చూసేవారికీ బహిరంగ లేఖ

తెలుగులో క్రైమ్ వీడియోలు చేసే ఛానళ్ల నిర్వాహకులకు, టీవీ సంపాదకులకు, రోజూ అవి చూసే మనవాళ్లందరికీ,

నమస్కారం. నేను ముషీరాబాద్‌లో ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కల టీచర్ని. కోర్టు నిర్దోషి అని వదిలేసిన ఒకరి మీద పెట్టిన వీడియో తీసేయమని ఈ లేఖ మొదట ఒక్క ఛానల్‌కే రాశాను. రెండు మెయిళ్లు, ఒక రిజిస్టర్డ్ పోస్టు. పని జరగలేదు కాబట్టి ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను. ఆ ఛానల్ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున్నుంచి కామెంట్లలో వాళ్ల ఇంట్లో ఆడవాళ్లను కూడా తిడతారు. నేను కోరుతున్నది అది కాదు.

ముందు ఒక అమెరికా కేసు గురించి చెప్పాలి. నా బాధ సరిగ్గా అక్కడే మొదలైంది.

2015 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మేకింగ్ ఎ మర్డరర్’ అనే డాక్యుమెంటరీ సిరీస్ మీలో చాలామంది చూసే ఉంటారు. పాతదే అయినా మా స్టాఫ్ రూమ్‌కి ఈమధ్యే చేరింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో స్టీవెన్ ఏవరీ అనే అతన్ని 1985లో ఒక మహిళపై జరిగిన లైంగిక దాడి కేసులో జైలుకు పంపారు. ఆ సమయంలో అతను వేరే చోట ఉన్నాడని పదహారు మంది చెప్పినా లాభం లేకపోయింది. పద్దెనిమిదేళ్లు గడిచాక 2003లో డీఎన్ఏ పరీక్ష చేస్తే అసలు నేరస్తుడు ఇంకొకడని తేలింది. బయటికొచ్చి 3.6 కోట్ల డాలర్లకు దావా వేశాడు. ఆ దావా నడుస్తుండగానే, 2005లో, పాతికేళ్ల ఫొటోగ్రాఫర్ అమ్మాయి హత్య కేసులో మళ్లీ అరెస్టయ్యాడు. 2007లో యావజ్జీవం పడింది. అతనితో పాటు అతని మేనల్లుడికి కూడా.

ఆ మేనల్లుడిని పోలీసులు ప్రశ్నించేనాటికి వాడికి పదహారేళ్లు. పక్కన తల్లి లేదు, లాయరు లేడు. హత్యకు గురైన ఆ అమ్మాయి తలకు ఏం చేశారో చెప్పమంటారు. వాడు ఊహించి జుట్టు కత్తిరించామంటాడు, ఇంకేదో అంటాడు. చివరికి అడిగేవాళ్లే ఓపిక పోయి ‘తల మీద కాల్చింది ఎవరు’ అనేస్తారు. అన్నీ ఒప్పుకున్నాక ఆ పిల్లాడు అడిగింది ఏమిటో తెలుసా? బడికి ఎన్నింటికల్లా వెళ్లొచ్చని. ఆరో పీరియడ్‌లో ప్రాజెక్టు ఇవ్వాలట.

మా సైన్స్ టీచర్ ఈ సీన్ చెబుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “మన టెన్త్ పిల్లల్లాంటోడే కదా మేడమ్” అంది. నాకూ గొంతు పట్టేసింది. హత్య ఒప్పుకున్నాక కూడా ఇంటికి పోతాననుకున్న పిల్లాడు వాడు.

పది రోజుల తర్వాత, లంచ్ టైమ్. అదే టీచర్ ఫోన్‌ని నీళ్ల గ్లాసుకి ఆనించి తింటూ ఒక తెలుగు క్రైమ్ వీడియో చూస్తోంది. దొండకాయ వేపుడు వేద్దామని నేను వంగాను. స్క్రీన్ మీద మా తమ్ముడు. మొహం చుట్టూ ఎర్ర గీత, పక్కన బాణం, పైన పచ్చ అక్షరాలతో ‘ముఠా నాయకుడు వీడే’. మా చిన్నమ్మ కూతురి పెళ్లిలో తీసిన ఫొటో అది. భుజం మీద కొత్త కండువా అంచు ఇంకా కొంచెం కనిపిస్తోంది.

“చూడండి మేడమ్, మొహం చూస్తేనే తెలిసిపోతోంది” అంది.

ఆమెకు తెలియదు. చెడ్డ మనిషి కూడా కాదు. నేను డబ్బా మూత పెట్టుకుని క్లాసుకి వెళ్లిపోయాను. బోర్డు మీద లెక్క మధ్యలో చెయ్యి ఆగిపోతే పిల్లలే మిగతాది చెప్పారు.

మా వాడు డీసీఎం వ్యాను నడుపుతాడు. 2018లో, తాళాలు పగలగొట్టి ఇళ్లు దోచిన కేసులో తీసుకెళ్లారు. దొంగసొత్తు తరలించిన వ్యానుదీ, వీడి వ్యానుదీ రంగు ఒకటే. ఆ రాత్రి వాడు కర్నూలు నుంచి ఉల్లిగడ్డ లోడుతో మలక్‌పేట మార్కెట్‌కి వస్తున్నాడు. టోల్ రసీదు ఉంది. తెల్లవారి మార్కెట్‌లో తూకం వేసిన కాంటా చీటీ ఉంది. ఇవి కోర్టు దాకా వెళ్లడానికి నాలుగేళ్లు పట్టింది. అందులో తొంభై ఒక్క రోజులు చంచల్‌గూడ జైల్లో. మిగతా కాలమంతా వాయిదాలు. వాయిదా ఉన్న రోజు లోడు ఉండదు, ఆ రోజు సంపాదన పోయినట్టే. 2022లో నాంపల్లి కోర్టు నిర్దోషి అని విడిచిపెట్టింది. ఇరవై రెండు పేజీల తీర్పు. దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి దేవుడి గూట్లో దాచింది మా అమ్మ.

ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీ జత చేసి వీడియో తీసేయమని ఛానల్‌కి రాశాను. మొదటి మెయిల్‌కి జవాబు లేదు. రెండోదానికి ఒక్క లైను వచ్చింది: ‘పోలీసులు ప్రెస్‌మీట్‌లో చెప్పిందే మేం చెప్పాం.’ రిజిస్టర్డ్ పోస్టు ముట్టినట్టు చీటీ వచ్చింది, అంతే. వీడియో ఉన్న యాప్‌లోనూ ఫిర్యాదు చేశాను. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి అప్పట్లో పదిహేను రోజుల్లో తేల్చాల్సి ఉండేది. గడువులోపే జవాబు వచ్చింది, కానీ తీర్పు తెరిచి చదివిన గుర్తు అందులో ఎక్కడా లేదు. నేను చివరిసారి చూసేసరికి ఆ వీడియోని పదకొండు లక్షల సార్లు చూశారు.

ఇక అసలు మాట. ఏవరీ నిర్దోషి అని నేను అనడం లేదు. ఆ మాట అనే అర్హత నాకు లేదు. ఆ అమ్మాయి కారు బానెట్ కింద గొళ్లెం మీద అతని డీఎన్ఏ దొరికిందన్న సంగతి లాంటివి సిరీస్‌లో చూపలేదని విమర్శలు వచ్చాయి. మేనల్లుడి శిక్షను 2016లో ఒక ఫెడరల్ జడ్జి కొట్టేస్తే, 2017 డిసెంబరులో అప్పీలు కోర్టు నలుగురు ఒక వైపు, ముగ్గురు ఒక వైపుగా దాన్ని మళ్లీ నిలబెట్టింది. 2018లో అక్కడి సుప్రీంకోర్టు కలగజేసుకోనంది. ఏడుగురు జడ్జీలకే ఒక మాట కుదరని చోట, సిరీస్ చూసిన మనకు అనుమానం పుట్టడం తప్పు కాదు. ‘ఒప్పుకున్నాడు కదా’ అన్న మాటను మొదటిసారి ఆగి ఆలోచించాం. అది మంచిదే.

ఆ ఆలోచన మన ఊరి దాకా ఎందుకు రాదు? నేను అడిగేది అదొక్కటే.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన అత్యాచారం, హత్య తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. మనవాళ్లు పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. నేను మా కాలనీ వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మ పెట్టాను. అప్పటికి నా తమ్ముడు బెయిలు మీద ఇంట్లోనే ఉన్నాడు. అయినా పెట్టాను. దానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని అందులో రాసింది. అంటే విస్కాన్సిన్ పిల్లాడి ఈడువాళ్లే. వాళ్లు దోషులో కాదో తేల్చే విచారణే జరగలేదు.

తెలుగు నేల మీద శిక్ష పడి, అది తప్పని తేలిన కేసు కూడా మన కళ్ల ముందే ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఉండి బీఫార్మసీ చదువుతున్న అమ్మాయిని చంపేశారు. 2008లో నందిగామ వైపు పల్లెటూరి యువకుడిని పట్టుకొచ్చారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఇక్కడ హైదరాబాద్‌లోని హైకోర్టు అతను నిర్దోషి అని విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. జైల్లో గడిచినవి ఎనిమిదేళ్లకు పైనే. అందులోనే నరాల జబ్బు. ఇక్కడ ఒక విషయం మీరంతా గుర్తుంచుకోవాలి. పోయిన అమ్మాయి తల్లే మొదటినుంచీ టీవీల ముందు చెబుతూ వచ్చింది, ఈ అబ్బాయి కాదు, అసలువాళ్లను పట్టుకోండి అని. కన్నకూతుర్ని పోగొట్టుకున్న తల్లికి ఉన్న అనుమానం మన టీవీ స్టూడియోలకు లేకపోయింది. 2018లో హైకోర్టు మళ్లీ మొదటినుంచి దర్యాప్తు చేయమని కేసుని సీబీఐకి ఇచ్చింది. తప్పు మనిషికి శిక్ష పడితే రెండు ఇళ్లు కూలతాయి. ఒకటి జైలుకెళ్లినవాడిది, రెండోది న్యాయం దక్కనివాళ్లది.

అందుకని మీ ముందు పెడుతున్న కోరికలు ఇవి.

1. కోర్టు నిర్దోషి అన్న మనిషి వీడియో తీసేయండి. తీయడం కుదరదంటే థంబ్‌నెయిల్ మీద మొహం చెరిపి, టైటిల్‌లోనే ‘ఈ కేసులో ఇతన్ని కోర్టు నిర్దోషిగా విడుదల చేసింది’ అని రాయండి. కింద డిస్క్రిప్షన్‌లో ఎవరూ చదవని చోట కాదు. ఈ ఒక్క వీడియో వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. భోలక్‌పూర్‌లో తొమ్మిదేళ్లుగా ఉన్న ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఓనర్ మంచివాడే, ‘పక్క పోర్షన్ వాళ్లు వీడియో చూశారమ్మా, నాకూ టెన్షన్‌గా ఉంది’ అన్నాడు. లోడు ఇచ్చే సేట్లలో ఇద్దరు ఫోన్ ఎత్తడం మానేశారు. తమ్ముడి కూతురు ఏడో తరగతి. క్లాసులో ఒక పిల్ల ఫోన్ చూపించి ‘మీ డాడీనా’ అని అడిగిందట. మా పిల్ల కాదని చెప్పి వచ్చింది. ఇంటికొచ్చి, అబద్ధం చెప్పినందుకు ఏడ్చింది. తీర్పు వచ్చాక రెండేళ్లకు జరిగిందిది. కోర్టు ఇచ్చిన విడుదల మీ వీడియో దగ్గర ఆగిపోయింది.

2. నిందితుడు వేరు, దోషి వేరు. నింద పడ్డవాడు నిందితుడు. కోర్టులో నేరం రుజువైతేనే దోషి. మన భాషలో ఇంత స్పష్టంగా రెండు మాటలు ఉండగా, అరెస్టయిన సాయంత్రానికే ‘హంతకుడు’, ‘కామాంధుడు’, ‘కేటుగాడు’ అని ఎందుకు రాస్తున్నారు?

3. ‘నేరం ఒప్పుకున్నాడు’ అన్నది హెడ్డింగ్ చేయకండి. పోలీసు అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకారం ముద్దాయి మీద రుజువుగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పిందీ అదే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ చెబుతున్నదీ అదే. ఆ మాటల వల్ల కొత్తగా ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకే మినహాయింపు. నూట యాభై ఏళ్లుగా కోర్టులు నమ్మనిదాన్ని మీరు పది నిమిషాల వీడియోకి ఆధారం చేసుకుంటున్నారు. మా తమ్ముడు కూడా ‘ఒప్పుకున్నాడు’ అనే ఆ వీడియోలో ఉంది. ఎలా ఒప్పుకున్నాడని వాణ్ని నేను ఒక్కసారే అడిగాను. జవాబు చెప్పకుండా లేచి బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు.

పోలీసులు మీడియాతో ఎలా మాట్లాడాలో నియమావళి తయారు చేయాలని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖకు చెప్పింది. మీడియానే తీర్పులు చెప్పేస్తే న్యాయవిచారణ దెబ్బతింటుందని 2021 జనవరిలో బాంబే హైకోర్టు చెప్పింది. ‘పోలీసులు చెప్పిందే చెప్పాం’ అన్న ఒక్క లైనుతో మీ బాధ్యత తీరదు.

4. అత్యాచారానికి గురైన వాళ్ల పేరు, ఫొటో, ఊరు, కాలేజీ బయటపెట్టకండి. చట్టం ప్రకారం నేరం అది. చనిపోయినా సరే. పైన రెండు కేసుల గురించి పేర్లు లేకుండానే రాశాను, మీకు అర్థమైంది కదా.

5. నిందితుడి ఇంటి గేటు, తల్లి మొహం, పిల్లల స్కూల్ చూపకండి. వాళ్ల మీద ఏ కేసూ లేదు.

6. అనుమానం పుట్టించే వీడియో చేసినా రెండు వైపులా చెప్పండి. ఎవరో నిర్దోషి అని నిరూపించాలన్న ఉత్సాహంలో ఇంకొకరిని దోషిని చేయకండి. ‘మేకింగ్ ఎ మర్డరర్’ చూశాక కొందరు, పోలీసులు కేసే పెట్టని మనుషుల పేర్లు పట్టుకుని వీళ్లే చంపారని ప్రచారం చేశారు. 2016 ఫిబ్రవరిలో అక్కడి షెరీఫ్ ఆఫీసుకి బాంబు బెదిరింపు వచ్చింది. హత్యకు గురైన అమ్మాయి ఇంటివాళ్లు, తమ దుఃఖంతో వినోదం, లాభం వెతుక్కుంటున్నారని బాధపడ్డారు. ఇబ్రహీంపట్నం కేసు మీద మన తెలుగు వీడియోల కింద కామెంట్లు చదవండి. ఏ ఆధారమూ లేకుండా ఎన్ని పేర్లు తిరుగుతున్నాయో కనిపిస్తుంది.

7. చివరిది చూసేవాళ్లకు, అంటే నాకూ మీకూ. ఆ సిరీస్ చూసి లక్ష మందికి పైగా జనం వైట్‌హౌస్‌కి అర్జీ పెట్టారు. రాష్ట్ర కోర్టు వేసిన శిక్షకు అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టలేడని జవాబు వచ్చింది. అంత కదలిక వచ్చినా అడగకూడని తలుపు తట్టారు. మనం అడగాల్సిన తలుపు ఇక్కడే ఉంది. తప్పుడు కేసుల్లో నలిగినవాళ్లకు పరిహారం హక్కుగా దక్కేలా చట్టం తేవాలని లా కమిషన్ 2018 ఆగస్టులో 277వ నివేదికలో సిఫారసు చేసింది. ప్రత్యేక చట్టం లేకపోవడంతో ఎవరికి ఎంత అన్నది జడ్జి గారి దయ మీద ఉంది. 2019లో సుప్రీంకోర్టు, ఉరిశిక్ష పడిన ఆరుగురు సంచారజాతి కూలీలను నిర్దోషులని వదిలి తలా ఐదు లక్షలు ఇప్పించింది. ఎనిమిదేళ్లు జైల్లో ఉన్న మన నందిగామ అబ్బాయికి లక్ష. మా తమ్ముడికి ఏమీ లేదు, బస్సు చార్జీలు కూడా. మీ ఎమ్మెల్యే, ఎంపీ ఓట్లకు వచ్చినప్పుడు ఆ నివేదిక నెంబరు చెప్పి అడగండి. అలాగే జైల్లో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరు వస్తారు. 1987 న్యాయసేవల చట్టంలో ఉంది. ఫోన్ నెంబరు 15100. మాకు ఈ సంగతి తెలిసేసరికి అమ్మ పుస్తెలతాడు కుదువకు పోయింది.

క్రైమ్ వీడియోలు మానేయమని నేను చెప్పడం లేదు. ఆ సిరీస్ లేకపోతే ఆ పిల్లాడి సంగతి నాకు తెలిసేదే కాదు. మీలో ఓపిగ్గా తీర్పులు చదివి చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల వీడియోలు నేనూ చూస్తాను. అలాంటి ఓపిక కాస్త మిగతావాళ్లూ పెట్టండి.

మా సైన్స్ టీచర్‌కి తర్వాత నేనే చెప్పాను, ఆ ఫొటోలో ఉన్నది నా తమ్ముడని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం ఇంటికెళ్లాక ఆ వీడియో కింద కామెంట్ పెట్టింది, ఇతన్ని కోర్టు వదిలేసింది, దయచేసి తీసేయండి అని. మర్నాటికి ఆ కామెంట్ కనిపించలేదు. మళ్లీ పెట్టింది.

ఛానల్ వారికి: తీర్పు కాపీ ఇంకోసారి పంపుతున్నాను. పదిహేడో పేజీ నుంచి చదివినా చాలు, టోల్ రసీదు గురించి అక్కడే ఉంది. నెల రోజులు చూస్తాను. అప్పటికీ ఏమీ చేయకపోతే లాయర్ నోటీసు పంపుతాను. అంతకంటే ముందే వీడియో తీసేస్తే, తీసేశామని ఒక్క లైను రాయండి. మా తమ్ముడి కూతురికి చూపించాలి.

ఇట్లు,
నిర్దోషిగా విడుదలైన ఒకరి అక్క,
ముషీరాబాద్, హైదరాబాద్